మీట నొక్కితే ఆప్యాయత

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. ఇంట్లో పాపా నేనూ మాత్రమే ఉన్నప్పుడు నేను కళ్ళు తిరిగి పడిపోతే, ఆ సంగతి ఎవరికీ తెలియదేమోనని! పాపకి ఇంకా కూర్చోవడమే సరిగ్గా రాదు. తలుపేమో లోపల గడియ.

ఇప్పుడా భయం లేదు. నా కబురు రోజూ పదిమందికి చేరేలా కొత్త బ్లాగు ప్లాట్‌ఫామ్‌లో చేరాను!

నవ్వకండి. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసిన నన్ను, చేరీ చేరకముందే "రచయిత్రి గారూ, స్వాగతం" అంది. నన్ను గారూ అని పిలిచేవాళ్ళు కొరియర్ అబ్బాయి తప్ప ఇంకెవరున్నారు చెప్పండి?

పాపను భుజాన వేసుకుని, ఒంటి బొటనవేలితో దాని సుగుణాలన్నీ వెతికి వెతికి చూశాను. సగం వాక్యం రాసి, పాప ఏడ్చిందని పరిగెత్తామా, తిరిగొచ్చేసరికి ఆ సగం వాక్యం అక్కడే భద్రంగా ఉంటుంది! ఈ ఇంట్లో నేను సగంలో వదిలిన పని ఇంకేదైనా అలా ఉంటుందా? సగం తాగిన కాఫీలో ఈగ. సగం ఆరేసిన బట్టలు బకెట్లోనే కంపు.

మన బ్లాగు గోడ రంగు మార్చుకునే సౌకర్యం కూడా ఉంది. వంటగది గోడ చెమ్మపట్టి పెచ్చులూడుతోందని మా ఇంటి ఓనరుకి మొత్తుకుని మొత్తుకుని నా గొంతు పోయింది. ఇక్కడ వేలితో తాకితే చాలు, గోడంతా లేత నీలం! ఓనర్లెందుకండీ ఇంకా?

ప్రతి పోస్టు మీదా "చదవడానికి పట్టే సమయం: ఒక నిమిషం" అని దానంతట అదే రాసేస్తుంది. నా గోడు వినడానికి నిమిషం చాలని మొహమ్మీదే చెప్పే ధైర్యం మా ఆయనకి కూడా లేదు.

ఆయన కూడా నా ఫాలోవరే. పాపకి పాలపొడి అయిపోయిందని పోస్టు పెట్టాను. ఆఫీసు నుంచి వెంటనే హార్ట్ సింబల్ వచ్చింది. సాయంత్రం ఆయనా వచ్చారు, చేతులూపుకుంటూ.

"పాలపొడేదండీ?"

"చదివానోయ్! ఆ చివరి వాక్యం భలే రాశావు."

అన్నిటికంటే గొప్పది ఆటో రిప్లై! ఆ మీట నొక్కి ఉంచితే, మనవాళ్ళు ఏం రాసినా మన పేరుతో "చాలా బాగుంది, ఇలాగే కొనసాగించు!" అని క్షణంలో వెళ్ళిపోతుంది. నేను నొక్కాను. వేరే ఊళ్ళో ఒక్కతే ఉండే మా అక్కా నొక్కింది. ఇదివరకు ఇద్దరం రోజూ ఫోనులో పోట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు ఒక్క మాట తేడా లేదు! పాపకి జ్వరమని రాస్తే "చాలా బాగుంది, ఇలాగే కొనసాగించు!" అని వచ్చింది. మనసు చివుక్కుమన్న మాట నిజమే. కానీ ఇంత వేగంగా ఆప్యాయత ఇంకెక్కడ దొరుకుతుంది?

నిన్న "పాత సంభాషణలు" అనే పేజీ కనిపెట్టాను. అక్కా నేనూ ఎంత ముచ్చటగా మాట్లాడుకున్నామో చదివి మురిసిపోదామని తెరిచాను.

పోయిన వారం అక్క రాసింది: "మెట్ల మీద జారాను. కాలు వాచిపోయింది. అడుగు వెయ్యలేకపోతున్నాను."

దాని కింద నా ఫొటో, పాపతో కలిసి నవ్వుతూ. "చాలా బాగుంది, ఇలాగే కొనసాగించు!"

వెంటనే ఫోన్ చేశాను.

"అక్కా, నేనే!"

"అబ్బో, నీకు గొంతు కూడా ఉందా! బ్లాగుతోపాటు ఇచ్చారా?"

"కాలెలా ఉందే?"

"కొనసాగిస్తున్నానుగా, నువ్వు చెప్పినట్టే. గోడ పట్టుకుని వంటింటిదాకా."

"మీ ఇంటి కింద షాపులో టైలరు గారున్నారు కదా, పిలవలేకపోయావా?"

"ఆయనా హార్ట్ పెట్టాడే! కుట్టుమిషను మీంచి లేవకుండానే."

"మరి నాకు ఒక్క ఫోన్ చెయ్యొచ్చుగా?"

"చాలా బాగుందన్నావుగా, ఇంకేం చెయ్యను?" అంది.

నా ఇంట్లో జరుగుతుందని నేను భయపడిందంతా అక్క ఇంట్లో జరిగిపోయింది. నేను చప్పట్లు కొట్టాను!

మీట ఆపేశాను. రేపు పొద్దున్న బస్సుకి పాపను తీసుకుని వెళ్తున్నాను. అయినా ప్లాట్‌ఫామ్ మంచిదేనండీ! అక్క ఉండే వీధిలో కూడా నా పాఠకులున్నారని దాని లెక్కలే చెబుతున్నాయి. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ సాయంత్రమే ఒక్కసారి ఆ టైలర్ షాపు పై వాటాకి వెళ్ళి, అక్కను చూసి రండి. మెట్ల మొదట్లో పగిలిన పూలకుండీ ఉంటుంది, జాగ్రత్త. బెల్లు కొట్టాక కాస్త ఆగండి, ఒంటికాలి మీద రావాలి పాపం. తలుపు తీశాక ఏమైనా అనండి గానీ, "చాలా బాగుంది" అని మాత్రం అనకండి.