ఎవరి కుడి?

పళ్ళ డాక్టరుగారికి ఈ మధ్య ఒక జబ్బు చేసింది. ఆ జబ్బు పేరు పట్టు.

ఆయనకున్న ఎర్ర స్పోర్ట్స్ కారుకి పట్టు లేదట. మలుపు తిరిగేటప్పుడు బండి ముక్కు ఒక దారి, తోక ఒక దారి చూసుకుంటున్నాయట. ఈ గోడు పొద్దున్నే పళ్ళు తోముకుంటూ మొదలుపెట్టి, రాత్రి మళ్ళీ పళ్ళు తోముకునేదాకా వినిపిస్తూనే ఉంటాడు. నోట్లో నురగ ఉన్నా ఆపడు. భార్య ముఖం తుడుచుకుని ఊఁ కొడుతుంది.

ఆమె ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. హాల్లో కేకులు, డైనింగ్ టేబుల్ మీద కేకులు, ఒక్కోసారి ఇస్త్రీ బల్ల మీద కూడా కేకులే. వీధి చివర మూల గది ఖాళీ అయింది. దాన్ని అద్దెకి తీసుకుని చిన్న షాపు పెట్టుకోవాలని ఆమె ఆశ. అందుకోసం ఇద్దరూ కలిసి కొంత దాచారు. ఆ దాచినదాని మీదే ఇప్పుడు డాక్టరు కన్ను పడింది.

"ఇటు చూడు" అని ఫోను తెచ్చి ఆమె ముక్కు ముందు పెట్టాడు. "అచ్చం మన కారే. కానీ ట్రాక్ మోడల్. రేసుల వాళ్ళ కోసం ప్రత్యేకంగా చేసింది."

ఆమె కేకు మీద క్రీముతో గులాబీ వేస్తోంది. తల ఎత్తలేదు. "మనదానికీ దానికీ తేడా ఏంటండీ?"

"దీంట్లో ఏసీ తీసేశారు."

"ఊఁ."

"రేడియో తీసేశారు. కార్పెట్ పీకేశారు. తలుపుకి లోపల హ్యాండిల్ కూడా ఉండదు, గుడ్డ పట్టీ ఉంటుంది. లాగితే తెరుచుకుంటుంది."

"పోనీలెండి, చవకన్నమాట."

"చవకేంటే! మనదానికి ఒకటిన్నర రెట్లు."

గులాబీ సగంలో ఆగిపోయింది. "తీసేసినవాటికి కూడా డబ్బులు పుచ్చుకుంటారా? అయితే రేపట్నించి నేనూ గుడ్లు, వెన్న, పంచదార తీసేసి ట్రాక్ కేకు అని అమ్ముతాను. ఒకటిన్నర రెట్లకి."

"నీకు అర్థం కాదే. బరువు తగ్గితే బండి చురుగ్గా పరిగెడుతుంది."

"బరువు తగ్గించాలంటే కారే కొనాలా?" అని ఆమె చూపు ఆయన బొజ్జ మీద ఒక్క క్షణం నిలిపి, మళ్ళీ గులాబీ అందుకుంది.

డాక్టరుకి ఒళ్ళు మండింది. పట్టుమని పది నిమిషాలు అలిగాడు కూడా. ఎవరూ బతిమాలకపోయేసరికి తనే అలక మానేశాడు.

ఆ వారమే ఆయన బండి సర్వీసు. బండిని చూసేది నట్టు బాబాయి. చేతులు రెండూ ఎప్పుడూ పనిలో ఉంటాయి కాబట్టి విప్పిన నట్టు నోట్లో పెట్టుకుని మాట్లాడతాడు, అందుకా పేరు. డాక్టరు ఆయన పళ్ళు చూసి బాధపడతాడు, ఆయన డాక్టరు టైర్లు చూసి బాధపడతాడు. ఆ స్నేహం ఇరవై ఏళ్ళది.

"కొత్తదెందుకు డాక్టరుగారూ?" అన్నాడు బాబాయి, నట్టు ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చి. "మంచి టైర్లు వేసి, కుదుపులు ఆపే షాకులు మార్చి, చక్రాలు సరిచేస్తే ఈ బండే పిల్లిలా నేలని పట్టుకుంటుంది. కొత్తదాని ఖరీదులో పదోవంతు కూడా అవదు."

ఈ మాట డాక్టరొక్కడితో అని ఉంటే షెడ్డులోనే సమాధి అయిపోయేది. ఖర్మ కాలి ఆ రోజు భార్య కూడా వచ్చింది.

దారిలోనే ఆమె తేల్చేసింది. "ముందు పాతదాన్ని బాగుచేయించండి. ఆ తర్వాత పరీక్ష. నా చిన్న కేకు ఒకటి పెట్టుకుని కొండ దారిలో వెళ్దాం. కేకు చెక్కు చెదరకుండా చేరితే, మీరు కొత్త కారు మాట ఎత్తకూడదు."

"చెదిరితే?"

"చెదిరితే నేనే దగ్గరుండి కొనిపిస్తాను. మూల గది నాకొద్దు."

ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె గొంతు కొంచెం తగ్గింది. మనసున్న మగాడెవడైనా అక్కడే బండి ఆపి, "వద్దులేవే" అనేవాడు. మన డాక్టరుకి మాత్రం "కొనిపిస్తాను" దగ్గరే చెవులు మూసుకుపోయాయి.

నాలుగు రోజుల్లో బండి తయారైంది. తాళం ఇస్తూ బాబాయి ఒక్కొక్క షాకు మీదా ఉన్న చిన్న మరని చూపించాడు. "దీన్ని కుడికి తిప్పితే గట్టిపడుతుంది. ఎడమకి తిప్పితే మెత్తబడుతుంది. నేను మధ్యలో పెట్టాను. మీరు చెయ్యి పెట్టకండి."

చెయ్యి పెట్టకండి అంటే పళ్ళ డాక్టరుకి చేతులు ఆగుతాయా? జీవితమంతా ఆయన చెయ్యి పెట్టే బతికాడు. నాలుగు మరలూ ఆఖరికంటా బిగించేస్తే బండి రాయిలా అయిపోతుంది, మొదటి గతుకులోనే కేకు ముద్దయిపోతుంది, కొత్త కారు ఇంటికొస్తుంది. ఎంత సులువు! తన తెలివికి తనే మురిసిపోయి, దారి పొడుగునా ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

ఇక్కడ ఆయనగారి కుడి గురించి ఒక మాట చెప్పాలి. పళ్ళ డాక్టర్లకి కుడి అంటే తమ కుడి కాదు, ఎదురుగా నోరు తెరిచి కూర్చున్నవాడి కుడి. ఇరవై రెండేళ్ళుగా ఈయన ప్రపంచాన్ని అలాగే చూస్తున్నాడు. ఒకసారి భార్య "కుడి అల్మారాలోంచి పంచదార పొడి అందుకోండి" అంటే, అల్మారాకి ఎదురుగా నిలబడి, అల్మారాకి ఏది కుడో ఆలోచించి, బట్టల సోడా తెచ్చిచ్చాడు. ఆమెకి ఏదైనా నాలుక మీద వేసుకుని చూసే అలవాటుంది కాబట్టి ఆ రోజు ఊరు బతికిపోయింది. అప్పట్నించి ఈయన కుడి అనగానే ఆమె "ఎవరి కుడి?" అని అడుగుతుంది.

శనివారం మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తోంది. డాక్టరు నుదుటికి లైటు కట్టుకుని, పళ్ళు చూసే చిన్న అద్దం పట్టుకుని, పిల్లిలా బండి దగ్గరికి వెళ్ళాడు. అలవాటు కొద్దీ "ఏదీ, నోరు బాగా తెరవండి" అని బానెట్ ఎత్తాడు. ముందు రెండు మరలూ అయ్యాక, వెనక రెండింటి కోసం బండి కింద వెల్లకిలా దూరాడు. "నొప్పనిపిస్తే చెయ్యెత్తండి" అని కూడా అన్నాడు పాపం. నాలుగూ ఆఖరికంటా తిప్పి, చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది.

ఆదివారం పొద్దున ఆమె మూడంతస్తుల పెట్టె మోసుకుంటూ బయటికొచ్చింది. డాక్టరు కంగారుగా ఎదురెళ్ళాడు.

"ఇదేంటే! పరీక్షకి చిన్న కేకు అన్నావుగా?"

"కేకులు తీసుకెళ్ళే వ్యాను చెడిపోయిందటండీ. లైబ్రరీ యాభై ఏళ్ళ వేడుక కేకు ఇది. పదింటికల్లా చేరాలి. మీ పరీక్షా అయిపోతుంది, నా డెలివరీ అయిపోతుంది."

ఆ కేకు సంగతి ఆయనకి తెలుసు. పంచదారతో చేసిన యాభై పుస్తకాలు, ఒక్కొక్కదాని మీదా చీమ తలకాయంత అక్షరాలు. మూడు వారాలుగా ఆమె వేళ్ళు నొప్పులు పుడుతున్నా కూర్చుని చేసింది. ఊళ్ళో సగంమంది ఆ వేడుకకి వస్తారు, ఈ కేకు తింటే రేపు షాపుకొస్తారు అని రోజూ చెప్పుకుంది. ఇప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని రాయి లాంటి బండిలో కూర్చుంది. రాయి చేసింది తనే.

"ఆటోలో వెళ్దామా?" అన్నాడు.

"ఎందుకు? బండి బాగుచేయించారుగా. పోనివ్వండి."

పోనిచ్చాడు. ఎంత వేగంగా అంటే, మొదట ఒక సైకిలు దాటిపోయింది. తర్వాత చేతికర్ర పట్టుకున్న ఒక ముసలమ్మ, కుక్కని నడిపించుకుంటూ దాటిపోయింది. కుక్క వెనక్కి తిరిగి జాలిగా చూసింది.

"ఏమండీ, ఇది స్పోర్ట్స్ కారా, ఊరేగింపా?"

"రోడ్డు బాగాలేదే."

"అద్దంలా ఉందిగా."

"అందుకే. జారుతుంది."

"మీ క్లినిక్కులో కుర్చీ కూడా ఇంతకంటే వేగంగా వెళ్తుంది. కొంచెం తొక్కండి, క్రీము కరిగిపోతోంది."

ఎదురుగా స్పీడ్ బ్రేకర్. దాన్ని చూడగానే డాక్టరుకి చెమటలు పట్టాయి. ఆ పుస్తకాలన్నీ ఒకదాని మీద ఒకటి కూలిపోవడం, ఆమె ముఖం, మూల గది తలుపుకి తాళం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఇక ఆగలేకపోయాడు.

"నన్ను క్షమించవే! ఆ షాకులు నేనే తిప్పేశాను! కుడికి, ఆఖరికంటా! నీ కేకు పాడైపోతుంది, నేనొట్టి వెధవని, నాకు ఏ కారూ వద్దు, మూల గది నువ్వే తీసుకో!"

ఈ ఆవేశంలో కాలు బ్రేకు మీద పెట్టబోయి యాక్సిలరేటర్ మీద పెట్టాడు. బండి ఉరికింది. డాక్టరు కళ్ళు గట్టిగా మూసుకుని, ఆ వెంటనే నడిపేది తనే అని గుర్తొచ్చి తెరిచాడు.

ఏమీ కాలేదు. ఊయల ఊగినట్టు బండి ఒక్కసారి మెత్తగా లేచి దిగింది. పెట్టె కదల్లేదు.

"స్పీడ్ బ్రేకర్ ఏది?" అన్నాడు.

"దాటేసి చాలాసేపయింది" అని ఆమె హ్యాండ్‌బ్యాగు తెరిచి, చిన్న అద్దం తీసి ఆయన ముందు పెట్టింది. పళ్ళు చూసే అద్దం. "నిన్న బానెట్ కింద దొరికింది. నట్టు బాబాయి పళ్ళు పీకడం కూడా మొదలుపెట్టాడా అనుకున్నాను."

"నువ్వు పడుకున్నావుగా?"

"బండి కిందనించి రెండు కాళ్ళు బయటికొచ్చి, 'నొప్పనిపిస్తే చెయ్యెత్తండి' అని వినిపిస్తుంటే ఎలా పడుకోమంటారు? సాయంత్రం మీరు బయటికెళ్ళగానే బాబాయిని పిలిపించాను. చూసి ఏమన్నాడో తెలుసా? 'నాలుగూ ఎడమకి ఆఖరికంటా తిప్పేసి ఉన్నాయమ్మా. ఎవరో మహానుభావుడు! మన గతుకుల రోడ్లకి ఇంత మెత్తగా ఉంటేనే టైరు నేలని వదలదు' అన్నాడు. అలాగే ఉంచేయమన్నాను."

"ఎడమకా? నేను కుడికే తిప్పానే!"

"ఎవరి కుడి?"

డాక్టరు ఒక చేత్తో గాల్లో మర తిప్పి చూసుకున్నాడు. ఎదురుగా ఉన్న మర. ఆ మరకి కుడి. ఆయన ముఖం మెల్లిగా బండి రంగులోకి వచ్చింది.

"అయినా నీకంత ధైర్యమేంటే? మూడు వారాల కష్టం, నన్ను నమ్మి..."

"మిమ్మల్ని నమ్మడమా!" అని ఆమె పెట్టె తెరిచింది. కింది రెండంతస్తులూ థర్మాకోల్ దిమ్మలు. "అసలు కేకు ఏడింటికే వ్యానులో వెళ్ళిపోయింది."

"వ్యాను చెడిపోయిందన్నావు!"

"మీరు నాకు చెప్పకుండా షాకులు తిప్పారు. నేను వ్యాను చెడిపోయిందన్నాను. చెల్లుకి చెల్లు."

డాక్టరుకి కొంచెం ఊపిరి వచ్చింది. "అయితే పరీక్ష చెల్లదు. అసలు కేకే లేదు కదా!"

"పై అంతస్తు అసలుదేనండీ."

చూశాడు. అరచేయంత కేకు. దాని మీద ఎర్ర క్రీముతో, ఒక్క ఒత్తు చెదరకుండా, ఒక్క కొమ్ము వంగకుండా, ముత్యాల్లాంటి అక్షరాలు. "కొత్త కారు మాట ఎత్తను. ఇట్లు, పళ్ళ డాక్టరు."

డాక్టరు బండిని కొండ దారిలోకి ఎక్కించాడు. మొదటి మలుపులో తోక బుద్ధిగా ముక్కు వెనకే వచ్చింది. రెండో మలుపులో కూడా అంతే. డాక్టరుకి వద్దన్నా సంతోషం ముంచుకొచ్చింది.

"పట్టు వచ్చిందే" అన్నాడు మెల్లిగా.

"వచ్చింది. మీరు పట్టుబడ్డాక" అంది ఆమె. "రేపు మూల గది వాళ్ళతో మాట్లాడదాం. షాపు నాది, డెలివరీలు మీవి. కేకులు మోయడానికి ఇంత మెత్తని బండి ఊళ్ళో ఇంకొకటి లేదు."

ఎదురుగా రోడ్డు రెండుగా చీలింది. "వేడుకకి టైమవుతోంది. లైబ్రరీకి కుడికి తిప్పండి."

ఈసారి డాక్టరు తొందరపడలేదు. చచ్చినా తప్పు చేయకూడదనుకున్నాడు. "ఎవరి కుడి?" అని అడిగాడు.

ఆమెకి కోపం రాబోయి నవ్వొచ్చింది. "ఇద్దరం పక్కపక్కనే, ఒకే వైపుకి తిరిగి కూర్చున్నాం కదండీ. ఈ ఒక్కసారికి ఇద్దరి కుడీ ఒకటే."

డాక్టరు బాగా అర్థమైనట్టు తలూపి, ఎడమ ఇండికేటర్ వేశాడు.