సైటు చూస్తే గడియారం ఉచితం

సొంతిల్లు కొనుక్కోవడం తెలివితక్కువ పని. కొనేవాడిలా తిరగడమే అసలు తెలివి! పన్నెండేళ్ల అనుభవంతో చెబుతున్నాను, కాస్త శ్రద్ధగా వినండి.

కొన్నవాడికి చివరికి ఏం మిగులుతుంది? ఇల్లొకటి మిగులుతుంది, అంతేగా. మరి ఊరికే చూసొచ్చిన నాకో? మొదటి సైటు చూసినందుకు గోడ గడియారం ఇచ్చారు. రెండోదానికి కాలింగ్ బెల్. మూడోచోట "ఆలోచించి చెబుతాం" అన్న పాపానికి నా పేరూ మా ఆవిడ పేరూ చెక్కిన ఇత్తడి నేమ్ ప్లేట్ చేతిలో పెట్టారు! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మా ఆవిడ సణిగింది. దూరదృష్టి లేనివాళ్లు అలాగే అంటారు.

ఇక సలహాలంటారా, అవీ ఉచితమే. మా బావమరిది ఓ రియల్ ఎస్టేట్ కంపెనీలో సేల్స్ చూస్తాడు. "ఇప్పుడే తొందరపడకు బావా, మా కొత్త వెంచర్ వస్తోంది" అన్నాడు. ఆగాను. వచ్చేసరికి రేటు రెట్టింపైంది. "ఈ రేటుకి వెర్రివాడు కొంటాడు, రెండో ఫేజ్ దాకా ఆగు" అన్నాడు. నిజమే కదా? మళ్లీ ఆగాను. ఇలా ఆగి ఆగి నేనెంత మిగుల్చుకున్నానో మీరే ఊహించుకోండి.

చిక్కల్లా ఒక్కటే. మా అద్దింటి ఒప్పందంలో తొమ్మిదో షరతు ఉంది: గోడకు మేకు కొట్టరాదు. అందుచేత గడియారం ఫ్రిజ్ మీద జారబడి కూర్చుంది. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే బోర్లా పడుతుంది. బెల్ అల్మారాలో మూగగా ఉంది. నేమ్ ప్లేట్‌ని మా ఆవిడ బట్టల అడుగున దాచుకుంది. అప్పుడప్పుడూ తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ అక్కడే పెడుతుంది.  ఆ కాసేపూ నేను పేపర్లో తల దూర్చేస్తాను.

కిందటి నెల అదృష్టం నడిచొచ్చింది. "పది ఫోన్ నంబర్లు రాసివ్వు బావా. వాళ్లలో ఒక్కరు బుక్ చేసినా నీకు డ్రిల్లింగ్ మెషిన్" అన్నాడు బావమరిది. తొమ్మిది రాశాను. పదోది ఎంత బుర్ర గోక్కున్నా తట్టలేదు. ఎదురుగా ఫ్రిజ్ మీద, కుళాయి చెడితే పిలవడానికి అతికించుకున్న ఇంటి ఓనరు నంబరు కనిపించింది. రాసేశాను. నాదేం పోయింది?

నిన్న ఇంటి ఓనరు వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మీ బావమరిది బంగారమండీ, నా కళ్లు తెరిపించాడు. ఈ పాతింటిని పట్టుకు వేలాడితే ఏమొస్తుంది? అమ్మేసి రెండు ప్లాట్లు తీసుకుంటున్నా. నిజానికి మీకే, తక్కువలో ఇద్దామనుకున్నా. మీరేమో రెండో ఫేజ్ కోసం ఆగారట కదా, అందుకని వేరేవాళ్లకి మాటిచ్చేశా. నెలాఖరుకి ఖాళీ చేసేయండి" అన్నాడు. వెళ్తూ వెళ్తూ నాకు థాంక్స్ కూడా చెప్పాడు.

సాయంత్రానికల్లా డ్రిల్లింగ్ మెషిన్ ఇంటికొచ్చింది. మాట తప్పని కంపెనీ! మా ఆవిడ డబ్బా విప్పి, దాన్ని చేతిలోకి తీసుకుని, నాలుగు గోడల వంకా ఓసారి చూసింది.

"ఏవండీ, కన్నం ఎక్కడ పెట్టమంటారు?" అంది.



అంచేత, అయ్యా, అమ్మా, మీ ఎరుకలో ఎక్కడైనా ఓ గోడ ఉంటే చెప్పండి. క్లబ్ హౌసూ స్విమ్మింగ్ పూలూ అక్కర్లేదు. మేకు దిగితే చాలు.