పాయింట్ నాలుగు

ఆ ఉదయానికి డాక్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున కాలేజీలో చిక్కుడు మొక్కలు చూపించాలి. కొత్త మార్కులు చేతబట్టుకుని, సాయంత్రం తలుపులు మూసేలోగా వైద్య కళాశాల కౌంటరులో దరఖాస్తు ఇవ్వాలి. ఈ రోజు దాటితే ఆ కౌంటరు మళ్ళీ తెరిచేది వచ్చే ఏడాదే. నిజానికి ఆమె ఇంకా డాక్టరు కాలేదు. అయిదో ఏట బొమ్మ కాలికి కట్టు కట్టిన నాటినుంచి ఇంట్లో అలా పిలుస్తున్నారు, అంతే.

ఆ కళాశాల డిగ్రీ మార్కులు చూసే సీటిస్తుంది; ఆమె సగటు ఎనభై ఆరు పాయింట్ ఆరు. దరఖాస్తు ఎప్పుడో ఇచ్చేసి ఉండవచ్చు. కాని ఎనభై ఏడుకు ఆ పాయింట్ నాలుగు దూరం ఆమెను నిద్రపోనివ్వలేదు. తనకు కావలసింది వైద్యమా, గుండ్రని అంకెనా అని ఒకసారి తన్ను తానే ప్రశ్నించుకుంది. జవాబు నచ్చక ప్రశ్ననే పక్కన పెట్టింది. పది పేపర్లలో వృక్షశాస్త్రం ప్రాక్టికల్ ఒక్కటే డెబ్భై రెండు దగ్గర చతికిలబడింది. దాన్ని మళ్ళీ చేసి నాలుగు మార్కులు పెంచుకుంటే చాలు. చిక్కల్లా ఒకటే: మళ్ళీ చేస్తే పాత మార్కు చెరిగిపోతుంది. కొత్తది తక్కువైనా నోరు మూసుకుని తీసుకోవలసిందే.

ప్రయోగం సులువైనదే. రెండు ట్రేలలో చిక్కుడు గింజలు నాటి, ఒకటి కిటికీ దగ్గర, మరొకటి బీరువాలో పెట్టాలి. వెలుగు తగిలినవి పొట్టిగా, పచ్చగా పెరుగుతాయి. చీకట్లోవి పొడుగ్గా సాగి పాలిపోతాయి. ఆమె ట్రేలకు ‘వెలుగు’, ‘చీకటి’ అని చీటీలు అంటించి, నీళ్ళు పోసే పని ఇంట్లోవాళ్ళకు అప్పగించి, చదువుకోవడానికి స్నేహితురాలి హాస్టలుకు వెళ్ళింది. రెండు వారాల తరువాత ఈ ఉదయం తిరిగి వచ్చేసరికి భోజనాల బల్లమీద రెండు ట్రేలూ పుస్తకంలో బొమ్మల్లా ఉన్నాయి. ఆమె కళ్ళు చెమర్చాయి.

అమ్మ స్కూలు బస్సు నడుపుతుంది. పిల్లలను దింపేసి, ఖాళీ బస్సులో కూతుర్నీ మొక్కలనూ ఎక్కించుకుంది. ట్రే పట్టుకోవడానికని నాన్నమ్మ కూడా ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

“నీ మొక్కలు బతికాయంటే నా చలవేనే డాక్టరమ్మా,” అంది నాన్నమ్మ, ట్రేను ఒళ్ళో సర్దుకుంటూ. “ఆ బీరువాలో ఊపిరాడక చచ్చేవి. రోజూ పొద్దున్నే తీసి బాల్కనీలో పెట్టేదాన్ని. పొద్దుగూకాక మళ్ళీ లోపల.”

డాక్టరమ్మ చేతిలోని ట్రేను సీటుమీద దించింది. “నాన్నమ్మా, అవి చీకట్లోనే ఉండాలి కదా,” అంది.

“నిన్ను చీకట్లో పెంచామా? పచ్చటి ప్రాణాలమ్మా అవి.”

ఆమె నాన్నకు ఫోన్ చేసింది. నాన్నది కళ్ళద్దాల దుకాణం. అటునుంచి అద్దం అరగదీస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

“నాన్నా, మొక్కల్ని మీరేమైనా కదిపారా?”

“కదపలేదు తల్లీ. కిటికీ దగ్గరవి మరీ గిడసబారి ఉన్నాయి. బీరువాలోవి ముందు కాస్త పొడుగొచ్చాయి కదా, చీకటైతే ఎదుగుతాయని తెలిసిపోయింది. బీరువా ఎలాగూ పగలు ఖాళీగానే ఉంటోంది. అందుకని దుకాణానికి వెళ్ళేముందు లోపల పెట్టి, వచ్చాక కిటికీ దగ్గర పెట్టేవాణ్ణి. అంతే.”

“పగలు బీరువా ఎందుకు ఖాళీగా ఉందని అనుకోలేదా నాన్నా?”

“చోటు దొరికితే చాలనుకున్నాను. ఏం, పొడుగవలేదా?”

ఆమె కళ్ళు మెల్లగా ట్రేలమీద వాలాయి. నాన్నమ్మ ఎండ చూపించినవి పచ్చగా ఉండాలి. ఉన్నాయి. కాని తను ‘చీకటి’ అని అంటించిన వాటిమీద ఇప్పుడు ఉన్నది ‘వెలుగు’ చీటీ.

“అమ్మా,” అంది. “చీటీలు…”

“నేనే మార్చానే,” అంది అమ్మ, గేరు వేస్తూ. “పచ్చటివాటికి చీకటి అని ఉంది. తుడిచేటప్పుడు ఎవరో తారుమారు చేశారనుకున్నా. ఇప్పుడు సరిగ్గా ఉన్నాయి కదా?”

సరిగ్గానే ఉన్నాయి. అదే ఆమెను నిలువునా కుంగదీసింది. ముగ్గురు మనుషులు ప్రేమతో చేసిన మూడు తప్పులు కలిసి ఒక నిజాన్ని తయారుచేశాయి. ఆ నిజంలో తన చెయ్యి మాత్రం లేదు.

కాలేజీలో పరీక్షకురాలు మొక్కలను కొలిచి, ప్రశ్నలు అడిగి, డెబ్భై ఏడు అని రాసింది. ఒక్క మాట మాట్లాడకుండా వచ్చేస్తే చాలు. డాక్టరమ్మ తలుపు దాకా వెళ్ళింది. రేపు ఎవరి ఒంట్లోనో జబ్బు తనంతట తానే తగ్గితే, అది తన వైద్యమేనని చెప్పుకుంటుందా? ఈ ప్రశ్నను పక్కన పెట్టడం ఆమెకు చేతకాలేదు. వెనక్కి వచ్చి అంతా చెప్పేసింది.

పరీక్షకురాలు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

“అంటే, వెలుగు అని రాసినవాటికి వెలుగే తగిలింది.”

“తగిలింది మేడమ్.”

“చీకటి అని రాసినవి చీకట్లోనే ఉన్నాయి.”

“ఉన్నాయి.”

“ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటిది నేను వినలేదమ్మాయ్. ప్రయోగం బ్రహ్మాండంగా వచ్చింది. చేసింది మాత్రం మీ నాన్నమ్మ. మార్కులు ఆవిడకు వెయ్యాలి, ఆవిడేమో మన విద్యార్థి కాదు.” పెన్ను తీసి అంకె కొట్టేసింది. “నీ జవాబులకూ కొలతలకూ డెబ్భై ఒకటి.”

పాతదానికంటే ఒకటి తక్కువ. సగటు ఎనభై ఆరు పాయింట్ అయిదు.

సాయంత్రం పిల్లలను ఇళ్ళకు దింపేశాక అమ్మ బస్సును వైద్య కళాశాల వైపు తిప్పింది. కౌంటరు మూసే వేళకు డాక్టరమ్మ వెళ్ళి కాగితాలు లోపలికి తోసింది. గుమాస్తా ఒక్క చూపు చూసి, కంప్యూటరులో ఎనభై ఏడు అని కొట్టాడు.

“సార్, ఎనభై ఆరున్నర,” అంది ఆమె. ఆ రోజంతా నిజం చెప్పీ చెప్పీ అలవాటైపోయింది.

“తెలుసమ్మా. మాకు పాయింట్లు ఉండవు. సగం ఉన్నా పైకే లాగుతాం.”

“మరి… ఎనభై ఆరు పాయింట్ ఆరు అయితే?”

“అదీ ఎనభై ఏడే. ఎందుకు?”

“ఊరికే,” అని ఆమె రసీదు అందుకుంది.  దాన్ని మడిచి పెట్టుకుని బస్సెక్కగానే నాన్నమ్మ అడిగింది.

“ఏమే, పెరిగిందా?”

“లేదు నాన్నమ్మా. ఎక్కడిదక్కడే ఉంది.”

నాన్నమ్మ ఒళ్ళోని పచ్చటి ట్రేకేసి చూసుకుంది. ఆ ఇంట్లో ఆ నెల పెరిగినవి చిక్కుడు మొక్కలే.