జములమ్మ సాధించిన సంస్కరణ

సంఘాన్ని బాగుచేసే పని పెద్దలు తక్షణం మానుకోవాలి! ఆ బాధ్యతంతా నాలుగో తరగతి లోపు పిల్లలకు అప్పగించి, తాము హాయిగా అరుగుల మీద కూర్చోవాలి. నవ్వకండి. గద్వాలలో మగ్గాల సావుకారు చెన్నయ్య ఈ సత్యాన్ని యుద్ధం రోజుల్లోనే కనిపెట్టాడు. నూలుకు కంట్రోలు, బియ్యానికి కంట్రోలు ఉన్న ఆ కాలంలో కంట్రోలు లేని సరుకు పిల్లల నోరొక్కటేనని ఆయనకు తోచింది.

చెన్నయ్య ఉత్త సావుకారే కాదు, బడి కమిటీకి పెద్ద కూడా. కర్నూలు పోయినప్పుడు ఎవరో స్పీచ్ ఇస్తుంటే విన్నాడు. పసిపిల్లలు నోరు విప్పితే దేశం మేలుకుంటుందట! ఆ మాట ఆయనకు తెగ నచ్చింది. ఎందుకు నచ్చదు? పెద్దవాడు ప్రశ్నిస్తే కచేరీకి పిలిపిస్తారు. పిల్లవాడు ప్రశ్నిస్తే బుగ్గ గిల్లి బెల్లంముక్క చేతిలో పెడతారు. ఇంత చవకైన సంస్కరణ ఇంకెక్కడ దొరుకుతుంది?

ఒకే ఒక్క చిక్కు వచ్చి పడింది. గద్వాల చీరకు రెండువైపులా పట్టంచు ఉంటుంది కదా. నేసేవాడికి ఉన్నవి రెండు చేతులే. అవతలి అంచు దగ్గర ఓ పిల్లో పిల్లవాడో కూర్చొని, దారపు నాడె అందుకొని తిరిగి ఇవతలికి తోయాలి. ఆ పని లేనప్పుడు నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టాలి. చెన్నయ్య మగ్గాలన్నింటి దగ్గరా అలాంటి పిల్లలు పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా కూర్చునే ఉంటారు. మరి వాళ్ళు దేశాన్ని మేల్కొలిపేది ఎప్పుడు?

అమావాస్యనాడు! ఆ రోజు సాలెవాళ్ళు మగ్గం ముట్టరు. ముడితే అరిష్టం. కనుక నెలకోసారి వచ్చే ఆ అమావాస్య పూటే మగ్గాల పిల్లలు బడికి వచ్చేవాళ్ళు. సీతారాములు పంతులు ఆ ఒక్కరోజులోనే నెల చదువంతా చెప్పి, మిగిలిన పొద్దులో వాళ్ళను వరస కట్టించి సంఘం మీదికి తోలేవాడు.

ఫలితాలు అమోఘం! మొదటి అమావాస్యకు పిల్లలు కల్లు దుకాణం ముందు నిలబడి "తాగకున్రి, తాగకున్రి" అని కేకలేశారు. భీమయ్య అనే పెద్దమనిషి సిగ్గుతో చచ్చిపోయి, కల్లుముంత చంకన పెట్టుకొని కోట వెనక్కి పోయి తాగాడు. మరుసటి అమావాస్యకు వీపనగండ్ల నుంచి వచ్చిన జొన్నల బేరగాణ్ణి చుట్టుముట్టి, కొనేటప్పుడొక మానిక, అమ్మేటప్పుడొక మానిక ఎందుకని అడిగారు. ఆయన సంచులు బండికెక్కించి తిరిగి చూడకుండా పోయాడు. ఆ పైన వెంకటన్న ఇంటి ముందు చేరి, పాలు మానని కూతురికి పెళ్ళేమిటని నిలదీశారు. ముహూర్తం కాస్తా తప్పిపోయింది.

ప్రతిసారీ చెన్నయ్య వెనక నిలబడి మురిసిపోయేవాడు. "పోరగాండ్లకు భయముండొద్దు. ఏది కండ్లవడితే అది అడగాలె" అనేవాడు. ఇన్ని ఇళ్ళు తిరిగినా పిల్లలు తన ఇంటి ముందు ఆగకపోవడం ఆయనకు వింతగా తోచలేదు. ఆ ఇంట్లో అడగవలసింది ఏముందని?

ఈ కీర్తి ఎక్కడిదాకా పాకిందంటే, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు తానే చూడవస్తానని కబురు పెట్టాడు. చెన్నయ్య అమావాస్యకే రమ్మని బతిమాలి రప్పించాడు. ఆ దొర పక్కన కుర్చీలో కూర్చొని పదిమంది కళ్ళల్లో పడాలని ఆయనకు ఎంతో కాలంగా కోరిక. మామిడాకులు కట్టించాడు, పూలదండ తెప్పించాడు, కోటు అరువు తెచ్చుకున్నాడు.

స్పీచ్ ఇవ్వడానికి జములమ్మను ఎంచారు. చెన్నయ్య మగ్గం మీద కూలికి నేసే పెంటమ్మ కూతురు, తొమ్మిదేళ్ళది. తల్లి నేస్తుంటే ఆ పిల్ల అవతలి అంచు దగ్గర కూర్చుంటుంది. అక్షరాలంటే ప్రాణం. పంతులు నేర్పిన ముక్కను నాడె ఆడిస్తూనే వల్లె వేసింది. అన్నం తినేముందు చేతులు కడుక్కోవాలన్నదే ఆ ముక్క.

జములమ్మ లేచి, తడుముకోకుండా అప్పజెప్పింది. చప్పట్లు మోగాయి. ఇన్‌స్పెక్టరు దొర పరవశించిపోయాడు. "షాబాష్ బేటీ! గిది పంతులు చెప్పింది. నీ మనసుల ఏమున్నదో అది గూడ చెప్పు. భయపడకు" అన్నాడు.

అలా అడగవచ్చునా? మీరే చెప్పండి. ఎవరైనా పిల్లను స్పీచ్ ఇమ్మంటారు గానీ, మనసులోది చెప్పమంటారా!

జములమ్మ ఒకసారి తల్లి వంక చూసింది. తర్వాత అంది: "దొరా, మాకు దినాం అమావాస్య కావాలె."

హన్మమ్మ అనే ముసలమ్మ చెంపలేసుకుంది. ఎవరూ ఏ పనీ మొదలుపెట్టని రోజు దినాం రావాలని కోరుకునే పిల్లను గద్వాల అంతవరకు చూడలేదు.

"గట్లెందుకు బేటీ?" అన్నాడు దొర.

"అమావాస్యనాడే మగ్గం బంద్ ఉంటది. గప్పుడే బడికొస్తం. నెల తిరిగొచ్చేసరికి నేర్సింది మర్సిపోత. దినాం అమావాస్యైతే దినాం రావొచ్చు గద!"

చెన్నయ్యకు అరువు కోటులో చెమటలు పట్టాయి. పిల్లలు దినాం బడికి పోతే అవతలి అంచు ఎవడు పడతాడు? పెళ్ళిళ్ళ చీరలు ఎప్పుడు దిగుతాయి? దొర ఆయన వైపు తిరిగి, "ఏంది సావుకారూ, ఈ అమావాస్య ముచ్చట?" అన్నాడు.

కష్టకాలంలోనే మనిషి తెలివి బయటపడుతుంది. చెన్నయ్య చేతులు కట్టుకొని, "ఏం లేదు సర్కార్, మా కులంల పాత మూఢనమ్మకం. అమావాస్యనాడు మగ్గం ముట్టొద్దంటరు. గందుకే పిల్ల పరేషానైతుంది" అన్నాడు.

మూఢనమ్మకం! ఆ మాట వినగానే దొర లేచి నిలబడ్డాడు. చుక్కల శాస్త్రం, గ్రహాల గమనం, చైనా జపానుల అభివృద్ధి అన్నీ కలిపి ఉపన్యసించాడు. అమావాస్యకూ మిగతా రోజులకూ తేడా లేదని పసిపిల్ల గుర్తించింది, పెద్దలు గుర్తించలేదని చీవాట్లు పెట్టాడు. చెన్నయ్య అక్కడికక్కడే కమిటీ చేత రిజల్యూషన్ చేయించాడు: ఇకమీద అమావాస్యనాడు కూడా మగ్గాలు ఆడవలెను.

సీతారాములు పంతులు ఏదో అనబోయి నోరు తెరిచాడు. ఆయన నాలుగో తరగతి దాటి చాలా ఏళ్ళయింది. అందుకని మూసుకున్నాడు.

ఇంటికి పోయాక పెంటమ్మ కూతుర్ని పట్టుకొని ఏడ్చింది. "నిన్నెవరడగమన్నరే? ఆ ఒక్క దినం గూడ పాయె గద బిడ్డా!"

"దొరనే చెప్పమన్నడు" అంది జములమ్మ. ఏం తప్పు చేసిందో ఆ పిల్లకు అర్థం కాలేదు.

ఆ తర్వాతి అమావాస్యకు మగ్గాలన్నీ ఆడాయి. చెన్నయ్య మగ్గాలకు టెంకాయ కొట్టి అరిష్టాన్ని పోగొట్టాడు. తాను మాత్రం ఆచారం తప్పలేదు, ఆ రోజు మగ్గం ముట్టలేదు. మిగతా రోజుల్లోనూ ముట్టేవాడు కాదనుకోండి! బడిలో పంతులు కుర్చీలో కూర్చొని మగ్గాల చప్పుడు విన్నాడు. ఒక పిల్ల నోరు విప్పితే తరాల ఆచారం ఒక్క పూటలో ఎగిరిపోయింది. ఇంతకన్నా గొప్ప సంఘసంస్కరణ మీరెక్కడైనా చూశారా?

ఈ విజయం వనపర్తి దాకా పాకింది. అక్కడివాళ్ళు జములమ్మ చేత స్పీచ్ ఇప్పించాలని ముచ్చటపడ్డారు. చెన్నయ్య స్వయంగా మగ్గం దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, వనపర్తిల పెద్ద మీటింగు. నీ మనసుల ఏమున్నదో గట్టిగ చెప్పు."

జములమ్మ నాడె ఆపకుండానే అంది: "నేను మాట్లాడ సావుకారూ. ఒక్కసారి మాట్లాడితే అమావాస్య పాయె. మల్ల మాట్లాడితే రాత్రి గూడ పోతది."

చెన్నయ్యకు కోపం రాలేదు. ఆ మాటనే తలపోసుకుంటూ ఇల్లు చేరాడు. కంట్రోలు మూలంగా ఊళ్ళో కిరసనాయిలు దొరకలేదు గానీ, దొరికి ఉంటే ఆ వారంలోనే ప్రతి మగ్గానికీ ఒక లాంతరు వేలాడేది.