చైను కోసం వంతెన దాటితే

శనివారం భోజనం వేళకల్లా కొత్త చైను వేయించి బండి తెచ్చి ఇస్తానని దీప్‌నారాయణ్ మాస్టారు మామగారికి మాట ఇచ్చాడు. పందొమ్మిదేళ్ల ఆ మోటారు సైకిలును రఘునీ సాహ్ ఎవరినీ ముట్టుకోనివ్వడు. చైను మరీ అరిగి కటకటలాడుతోంది కనుక అల్లుడికి ఇవ్వక తప్పలేదు.

"మన వీర్‌గంజ్‌లోనే వేయించకూడదూ?" అన్నాడు, తాళం వదలకుండా.

"ఇక్కడ మూడు వేల రెండొందలు, మామయ్యగారూ! వంతెన దాటి ఇండియాలో రక్సౌల్ వెళ్తే అక్కడి డబ్బు పదిహేను వందలే. మన డబ్బులో రెండు వేల నాలుగొందలు. ఎనిమిది వందలు మిగులు!"

"ఆ లెక్కలు బళ్లో పిల్లలకి చెప్పుకోండి. బండి జాగ్రత్త."

రెండు దేశాల ధరలూ సరిహద్దు ఊరైన వీర్‌గంజ్ వాళ్ల నాలుక మీదే ఉంటాయి. పెట్టెలో తెస్తే సుంకం పడుతుందనీ, ఒంటికో బండికో తగిలించుకొస్తే ఎవరూ అడగరనీ కూడా అక్కడ అందరికీ తెలుసు. రక్సౌల్ వెళ్లిన ఆడవాళ్లు ఎంత ఎండలోనైనా చీర మీద చీర కట్టుకొచ్చేది అందుకే.

"చైను గోదాం నుంచి రావాలి, మాస్టారూ. గంట పడుతుంది" అన్నాడు రక్సౌల్ మెకానిక్ సలీం. "ఈలోగా ఈ టైరు చూడండి. గుండులా ఉంది."

"కొత్తది ఎంత?" అన్నాడు మాస్టారు. అడగకుండా ఉండాల్సింది.

ధర విని నోరు తెరిచాడు. "అంతేనా? మా వైపు దీనికి రెట్టింపు!"

టైరు మారింది. కొత్త టైరు మీద పాత మడ్‌గార్డు చూడ్డానికి బాగాలేదు. అదీ మారింది. తరువాత లైటు, హ్యాండిలు, చివరికి పెట్రోలు ట్యాంకు. ఒక్కో ధరకీ మాస్టారు "అంతేనా?" అని గుండె పట్టుకున్నాడు, ఆ వెంటనే జేబు తడుముకున్నాడు.

"ఈ సీటు కూడా పారేద్దాం. ఎవరో ఎర్రదారంతో ఎగుడుదిగుడుగా కుట్టారు."

"మా అత్తగారు కుట్టింది. ఆవిడ పోయి మూడేళ్లయింది. కొత్తదాని ధర మాత్రం నాకు చెప్పకు."

మధ్యాహ్నం రెండింటికి ఖాళీ జేబుతో, తళతళలాడే బండి మీద వంతెన ఎక్కాడు. అవతల సుంకం వసూలు చేసే అధికారి, హాకిం, చెయ్యెత్తాడు.

"కొత్త బండా? నంబరు ప్లేటేదీ?"

మాస్టారు వెనక్కి వంగి చూశాడు. ప్లేటు పాత మడ్‌గార్డుతో పాటే రక్సౌల్‌లో ఉండిపోయింది.

"ఇది పాతదే, హాకిం గారూ!"

"ఏ ముక్క?"

"ఇంజనూ... సీటూ..."

"పాత సీటు వేసి కొత్త బండి దాటించేవాళ్లని రోజూ చూస్తున్నా. బండి కాగితాలు తెప్పించండి. లేదంటే సాయంత్రానికి జప్తు."

కాగితాలు మామగారి బీరువాలో ఉన్నాయి. 'జప్తు' అన్న మాట ఫోన్లో వినగానే ఆయన ఒక కాలికి చెప్పు, ఇంకో కాలికి బూటు తొడుక్కుని రిక్షాలో వచ్చిపడ్డాడు. హాకిం ఆ కాళ్లు చూసి, తన స్టూలు ఆయనకిచ్చి టీ తెప్పించాడు. తరువాత నేల మీద కూర్చుని ఇంజను నంబరు కాగితంతో పోల్చాడు.

"కలిసింది. మీ బండే. తీసుకెళ్లండి, బాబా."

రఘునీ సాహ్ బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఇది నాది కాదు" అన్నాడు.

హాకిం చేతిలో పెన్ను ఆగిపోయింది.

"నంబరు కలిసిందంటుంటే, బాబా!"

"కలిస్తే? పందొమ్మిదేళ్లు నా చేత్తో తుడిచాను, నాకు తెలీదూ? అల్లుడుగారూ, నా బండిని ఏం చేశారు?"

"ఇంజను ఈయనది, బండి ఎవరిదో!" హాకిం కొత్త కాగితం తీశాడు. "ఇది దొంగబండి కేసు, మాస్టారూ."

మాస్టారు ఇంకేమీ తోచక మామగారి చెయ్యి పట్టుకెళ్లి సీటు మీద పెట్టాడు. ముసలివేళ్లు ఎర్రదారం వెంట మెల్లగా నడిచి ఒకచోట ఆగాయి.

"ఇక్కడ దారం చాలక ముడేసింది. బజారుకెళ్లి తెస్తానంటే వినలేదు." హాకిం వైపు తిరిగి అన్నాడు, "నాదే, బాబూ."

హాకిం అటు తిరిగి, ఎప్పుడో చల్లారిన టీని చాలాసేపు ఊదుకున్నాడు. టీ డబ్బులు పుచ్చుకోలేదు గాని, సామాన్ల మీద సుంకం మాత్రం మామగారి చేత కట్టించుకున్నాడు. మాస్టారి మిగులంతా అక్కడితో సరి.

ఇద్దరూ బండెక్కారు. వీర్‌గంజ్ గేటు దాటగానే ఫటాలున చప్పుడైంది. తెగిన చైను పాములా రోడ్డు మీద పడింది.

"మీరు వెళ్లింది దీనికోసం కాదూ?"

"గోదాం నుంచి... గంటలో వస్తుందన్నాడు, మామయ్యగారూ..."

రఘునీ సాహ్ ఎదుటి బండి సామాన్ల కొట్లోకి నడిచాడు. కొట్టాయన ధర చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ రోజు ధర అడక్కుండా కొన్న సామాను అదొక్కటే. బండికి కావలసిందీ అదొక్కటే.