గూడెం మంచం చరిత్రకెక్కిన వైనం

భద్రాచలం అడవి దారిలో ఉన్న మా మండలానికి ప్రత్యేకాధికారిగా ఉదయ్ భాస్కర్ గారు రావడం మా అదృష్టం. సారుకు సైనిక చరిత్రంటే ప్రాణం. మొన్న సోమవారం ప్రజావాణిలో మైకు అందుకుని, ప్రజలు తప్పక వినాల్సిన ఐదు యుద్ధ పాడ్‌కాస్టుల జాబితా విడుదల చేశారు. నేనూ చప్పట్లు కొట్టాను. ఆఫీసు ముందు అర్జీలు రాసుకుని బతికేవాణ్ని, కొట్టకపోతే ఎలా?

వాగవతలి గూడెం నుంచి వచ్చిన గంగక్క మాత్రం, నేను రాసిచ్చిన అర్జీ పట్టుకుని ముందుకొచ్చింది.

"సారూ, నా బిడ్డకు నెలలు నిండినయ్. వాగొస్తే దవాఖానాకు ఎట్ల తీస్కపోవాలె? వంతెన ఏమాయె?"

సారు అర్జీ చదవనే లేదు. అంత చురుకైన బుర్ర.

"మూడో పాడ్‌కాస్టు, ఏడో ఎపిసోడ్ వినమ్మా. లక్షమంది సైన్యం, ఏనుగులతో సహా, వంతెన లేకుండానే నది దాటేసింది."

"ఆ దండుల నెలలు నిండిన ఆడపిల్ల ఎవరన్న ఉండెనా సారూ?"

సారు తడబడలేదు. "అది సెకండ్ సీజన్‌లో వస్తుంది."

గూడెంలో సిగ్నల్ ఉండదు. గుట్టెక్కితే ఒక గీత కనబడుతుంది. అయినా జనం వింటున్నారో లేదో చూడాలని గురువారం సారే 'శ్రవణ తనిఖీ'కి బయల్దేరారు, రాసుకోవడానికి నన్ను వెంటబెట్టుకుని. పోయేటప్పుడు వాగు మోకాలి లోతు. ఎగువన వాన పడిందేమో, తిరిగొచ్చేసరికి నిలువు లోతు.

గంగక్క తమ్ముడు సమ్మయ్య నాలుగు ట్రాక్టర్ ట్యూబులకు గాలి కొట్టి, వాటిమీద మంచం కట్టాడు. వానాకాలం గూడెంలో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా ఆ మంచం మీదే వాగు దాటిస్తారు. సారునూ దానిమీదే పడుకోబెట్టి నీళ్లలోకి తోశాడు.

"కండ్లు మూస్కో సారూ! లేవకు!"

"మూసుకునే ఉన్నానయ్యా! అమ్మా!"

ఆదివారానికి జాబితాలో ఆరో పాడ్‌కాస్టు చేరింది. 'వరదలో వ్యూహం'. కథనం, నాయకత్వం: ఉదయ్ భాస్కర్. "అమ్మా" అన్నచోట శంఖం ఊదించారు.

అర్జీ మీద ఇలా రాశారు: "సదరు వాగును అధికారి స్వయంగా దాటి చూపినందున వంతెన అవసరం కనబడదు." అంతటితో ఆగితే ఆయన ఉదయ్ భాస్కర్ ఎందుకవుతారు? వాగు తగ్గగానే ట్రాలీ పంపి, మంచాన్ని ట్యూబులతో సహా తెప్పించి, ఆఫీసు హాల్లో అద్దాల గదిలో పెట్టించారు.

నిన్న జోరువాన. గంగక్క ఒక్కతే వాగు ఈదుకుంటూ వచ్చింది. తడి చీరతో హాల్లోకొచ్చి అద్దానికి చేతులానించింది.

"సారూ, బిడ్డకు నొప్పులు లేసినయ్. జల్దీ మంచమియ్యి. మళ్ల నేనే తెచ్చిస్త."

సారు నిజంగానే కదిలిపోయారు. జేబు రుమాలు తీసి అద్దం తుడిచారు.

"అది ఇప్పుడు వారసత్వ సంపద తల్లీ."

తర్వాత నా వైపు తిరిగారు. "సందర్శకుల పుస్తకం తియ్యవయ్యా. మొదటి పేరు ఈమెదే."