తుఫానుకు మూడింతల కొరొక్కెలు

“రేపు తుఫానట! ఏ రేకో ఎగిరొచ్చి నీ మెడకు తగిలితే? కాలవ పొంగితే? అసలు ఇంటికొస్తావా నువ్వు?” అని ముందురోజు సాయంత్రమే మా మిసుజును అడిగేశాను.

“ఇంకా చుక్క పడలేదు, అప్పుడే చంపేశావా అమ్మా నన్ను!” అంది.

నిజమే, భయపడటం నా పని. కానీ పాఠకులారా, వాతావరణం చూసి అమ్మకాలు లెక్కగట్టే ఈ కాలపు కంప్యూటర్ కన్నతల్లి కంటే గొప్పదని ఒప్పుకుంటున్నాను. నేను భయపడి ఊరుకుంటాను. అది సరుకు తెప్పిస్తుంది!

మిసుజు ఇక్కడే మియజాకిలో ఓ సూపర్‌మార్కెట్‌లో వేపుళ్ల విభాగం చూస్తుంది. పెద్దాఫీసు ఫుకువోకాలో. ఎండ ఒక్క డిగ్రీ ముదిరితే చల్లటి నూడుల్స్ ఎన్ని పోతాయో, గాలి తిరిగితే దగ్గు బిళ్లలు ఎన్ని పోతాయో అక్కడి కంప్యూటర్ ముందే చెప్పేస్తుంది. ఎలాగని నన్నడక్కండి, నేను తొమ్మిదో క్లాసుతో చదువు ఆపేసినదాన్ని. పోయినేడు మొదటి చలిగాలి వీచిన రోజు, రాత్రికేం వండాలా అనుకుంటూ షాపుకెళ్లాను. గుమ్మంలోనే ముల్లంగి, టోఫూ, పులుసు పొట్లాలు నాకోసం ఎదురుచూస్తున్నాయి! నా కడుపున పుట్టినవాళ్లెవరైనా నా మనసు ఇంత ముందుగా కనిపెట్టారా?

ఇక తుఫానంటే మా జపాన్ వాళ్లకు కొరొక్కెలు పడాల్సిందే. ఆలుగడ్డ ముద్దకు రొట్టెపొడి అద్ది వేయించినవి, వేడివేడిగా. ఎందుకంటే ఎవరికీ తెలీదు. పక్కింటావిడ హిదకా అయితే “కొవ్వొత్తులు లేకపోతే మానె వదినా, కొరొక్కెలు లేకుండా తుఫానేమిటి?” అంటుంది.

కంప్యూటర్‌కు ఇదీ తెలుసు. “రేపు మూడింతలు వేయించండి” అని మిసుజుకు కబురొచ్చింది. టీవీలోనేమో ప్రాణం మీదికొస్తే తప్ప గడప దాటొద్దన్నారు. రైళ్లు ఆపారు. బడులు మూశారు. చేపల పడవల్ని తాళ్లతో కట్టేశారు. కొరొక్కెను మాత్రం ఎవరూ కట్టేయలేదు! అంటే ప్రాణం కన్నా అదే పెద్దదన్నమాట. నా కూతురిది అంతటి ఉద్యోగమని ఇన్నాళ్లూ గ్రహించలేదు.

తెల్లారి సైకిల్ తీసింది.

“హెల్మెట్ పెట్టుకోవే!”

“తల మీదే ఉందమ్మా, చూడు!”

మధ్యాహ్నానికి మా పెంకులు లేవసాగాయి. ఫోన్ చేస్తే తీయదు. నూనె దగ్గర ఫోన్ తీయకూడదని రూలట. మరి భద్రత ముఖ్యం కదా!

ఉండబట్టలేక పెద్దాఫీసుకే ఫోన్ కొట్టాను. వాతావరణం లెక్కలు చూసే అబ్బాయిని కలిపారు. మర్యాదస్తుడు.

“బాబూ, కొరొక్కెలు ఎన్ని పోతాయో చెప్పారు. వేయించే పిల్ల ఇంటికెలా వస్తుందో కూడా మీ లెక్కలో ఉందా?”

“ఆ వివరం మా దగ్గరుండదండీ. కొనేవాళ్ల వివరమే ఉంటుంది.”

ఎంత నిజాయతీ! ఇలాంటి పిల్లాణ్ని ఏ తల్లి కన్నదో! అంతలో టీవీలో తుఫాను ఫుకువోకా వైపు తిరిగిందన్నారు.

“నాయనా, అది మీవైపే వస్తోందట. నువ్వు ఆఫీసు నుంచి ఇంటికెలా వెళతావు? గొడుగును నమ్ముకోకు. నీ గురించి మీ అమ్మ ఎంత కంగారు పడుతోందో!”

ఫోన్లో అతని వెనక చంటిపిల్ల నవ్వు, గిన్నెల చప్పుడు వినిపించాయి. అతను గొంతు తగ్గించాడు.

“నేను ఇంట్లోనే ఉన్నానండీ. గాలి ఎక్కువగా ఉంటుందని... మమ్మల్ని ఎవర్నీ ఆఫీసుకు రావద్దన్నారు.”